మూడు రోజుల కాయిల్

భవానీపురం, విజయవాడ
జూన్ 22

ఒరేయ్ కోటీ,

నీ ఫోన్లు చూశాను, ఎత్తలేదు. కోపమేం లేదు. ఎత్తితే నువ్వు ఎలా ఉన్నారంటావు, నేను బాగానే ఉన్నామంటాను, తరవాత ఇద్దరం ఊరుకుంటాం. ఎదురుగా కూర్చున్నప్పుడు ఊరుకోవచ్చు. ఫోన్లో ఊరుకోవడం కష్టంగా ఉంటుంది.

పైగా ఇప్పుడు రాసే సంగతి వాట్సాప్‌లో పెట్టేది కాదు. మన దేశంలో అమ్మకూడని సరుకు, నేనేమో గవర్నమెంటు జీతం తీసుకునేవాణ్ణి. అందుకే మీ రొయ్యల మేత వ్యాన్ డ్రైవర్ నాని చేతికి ఈ కాగితం ఇస్తున్నాను.

ఆ వేప్ మిషన్ గురించి, అదే నీ ఆవిరి సిగరెట్. నువ్వు దుబాయ్ నుంచి తిరిగొచ్చినప్పుడు తెచ్చిచ్చిందే. సింధూరికి మూడో నెలలో నా సిగరెట్ వాసనకి వాంతులవుతుంటే, దీనికంత వాసన రాదు, దీంతో మెల్లగా సిగరెట్ మానెయ్యమని ఇచ్చావు. సిగరెట్ మానేశాను. ఇది మానలేదు. మానాల్సిన అవసరం కూడా ఇప్పుడు లేకుండా పోయింది.

మొదట్లో లిక్విడ్‌ని వేడిచేసే కాయిల్ ఒకటి వేస్తే పది పన్నెండు రోజులు నడిచేది. ఈమధ్య మూడు రోజులకే మాడు వాసన. తీసి చూస్తే లోపలి దూది బొగ్గయి ఉంటోంది. నేను కాల్చేది ఏమంత కాదు. డ్యూటీ నుంచి వచ్చాక డాబా మీద పది దమ్ములు, పడుకోబోయే ముందు ఇంకో నాలుగు. థర్మల్ ప్లాంటుకి తీసుకెళ్ళను. ఇబ్రహీంపట్నంలో మా గేటు దగ్గర అగ్గిపెట్టె కూడా లోపలికి పోనివ్వరు. మిషన్ ఇంట్లోనే ఫ్రిజ్ మీద పాత టిఫిన్ డబ్బాలో ఉంటుంది. నువ్వు పంపిన కాయిళ్ళ పెట్టె అయిపోవచ్చింది. వాటిలో నకిలీవి కలిశాయా, నేనేమైనా తప్పు చేస్తున్నానా, చూసి రాయి.

సింధూరి బాగానే ఉంది. బడి తెరిచారు, మళ్ళీ పాఠాలు చెప్పడానికి వెళ్తోంది. వాళ్ళమ్మగారు వేసవి సెలవుల్లో ఊరెళ్ళిపోయారు. వంట తనే చేస్తోంది. ఇద్దరం తింటున్నాం. ఇంట్లో గొడవలేం లేవు.

నీ
కిరీటి


నాగాయలంక
జూన్ 30

ఒరేయ్ కిరీటీ,

నీ చేతిరాత చూసి ఎన్నాళ్ళయిందిరా. పాలిటెక్నిక్‌లో నా రికార్డులు రాసిపెట్టిన గుండ్రటి అక్షరాలే. నాగమల్లేశ్వరి మొగుడికొచ్చిన ఉత్తరమని కూడా చూడకుండా నా చేతిలోంచి లాక్కుని చదివింది. కాయిల్ గొడవ దానికేం అర్థం కాలేదు. చివరి నాలుగు ముక్కలు మాత్రం మళ్ళీ చదివి, "అన్నయ్య ఇదేం రాయడం, ఆఫీసుకి రాసినట్టు" అంది.

ముందు నువ్వు అడిగింది. దుబాయ్‌లో మా క్యాంపులో ఆరుగురం ఒకే గదిలో ఇవి కాల్చేవాళ్ళం, కాయిల్ ఎన్ని రకాలుగా మాడుతుందో అన్నీ చూశాను. కొత్తది బిగించి లిక్విడ్ పొయ్యగానే లాగకూడదు. లోపలి దూది బాగా పీల్చుకోవాలి, పది నిమిషాలు పక్కన పెట్టు. ఎండు దూది మీద తీగ వేడెక్కిందంటే మొదటి దమ్ముకే మాడుతుంది, ఆ తరవాత ఎంత పోసినా ఆ కంపు వదలదు. ఇంకోటి, మామిడిపండు, పాలకోవా అంటూ వచ్చే తియ్యటి సీసాలు వాడకు. ఆ తీపి తీగ మీద పాకంలా గడ్డకడుతుంది. వాట్లు కూడా చూసుకో, కాయిల్ మీద అంకె రాసి ఉంటుంది, దానికి తక్కువలోనే ఉంచు. దమ్ము మీద దమ్ము లాగకు, దూదికి మళ్ళీ తడిసే వ్యవధి ఇవ్వాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా మాడితే అప్పుడు నకిలీ అనుకుందాం. నాని చేత ఇంకో పెట్టె, తీపి లేని లిక్విడ్ రెండు సీసాలు పంపుతున్నాను. మల్లేశ్వరి రొయ్యల పచ్చడి పంపింది, అది చెల్లెమ్మకి.

ఇప్పుడు నేను అడిగేది. ఎనిమిది నెలలు మోసి ఉత్త చేతులతో ఆసుపత్రి నుంచి వచ్చిన పిల్లని పట్టుకుని "బాగానే ఉంది" అని రాశావు. బాగానే అంటే ఎలా? ఏడుస్తోందా? నీతో మాట్లాడుతోందా? ఫిబ్రవరిలో నేనొచ్చినప్పుడు మీ హాల్లో గంటసేపు కూర్చున్నాను. నువ్వు ఆ గంటా గోడ గడియారం బ్యాటరీ మారుస్తూ కూర్చున్నావు.

రాయి.

కోటి


భవానీపురం
జూలై 20

కోటీ,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. తియ్యటి సీసాలు పారబోశాను. వాట్లు తగ్గించాను. కొత్త కాయిల్ బిగించి పది నిమిషాలు కాదు, గంట ఆగాను. అయినా మూడో రోజో నాలుగో రోజో మాడు వాసన. ఒక్క కాయిల్ మాత్రం ఎందుకో పది రోజులు వచ్చింది. అది ఎందుకొచ్చిందో తెలిస్తే మిగతావి ఎందుకు రావడం లేదో తెలుస్తుంది.

మా బాయిలర్ ట్యూబులూ ఇంతే. లోపల పొలుసు కడితే నీళ్ళకి వేడి అందదు. ఆ వేడంతా ట్యూబే భరించి భరించి ఒకచోట ఉబ్బి పగులుతుంది. పగిలాక కోసి తీసి, ఎందుకు పగిలిందని రిపోర్టు రాస్తాం. నాకు ఆ పని వచ్చు. అందుకే ఇది తేలకపోతే చిరాగ్గా ఉంది.

బాగానే అంటే ఎలా అని అడిగావు. ఏడవడం నేను చూడలేదు. మాట్లాడుతుంది. కూర ఏం తేవాలో, కరెంటు బిల్లు కట్టానో లేదో అడుగుతుంది. సాయంత్రం టీవీ పెడుతుంది, సౌండు పెట్టదు. ఇద్దరం బొమ్మ చూస్తాం. మొన్న పాలవాడు తలుపు దగ్గర, "పాప పుట్టిందా అమ్మా, బాబా?" అని అడిగాడు. ఇన్నాళ్ళూ వాడికి ఎవరూ చెప్పలేదు. సింధూరి గిన్నె అందుకుని, "రేపట్నుంచి అర లీటరు చాలు" అంది. వాడికి అర్థమైందో లేదో. నేను పేపరు చదువుతున్నాను, చదువుతూనే ఉన్నాను.

పచ్చడి బాగుందని మల్లేశ్వరికి చెప్పు.

కిరీటి


నాగాయలంక
ఆగస్టు 3

ఒరేయ్,

వారం నుంచి చెరువుల దగ్గరే ఉన్నాను. రెండు చెరువుల్లో రొయ్యకి తెల్లమచ్చ రోగం తగిలింది. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆపేసి, ఉన్న రొయ్యంతా పట్టుబడి చేసేశాం. అందుకే ఆలస్యం.

పాలవాడి సంగతి చదివి మల్లేశ్వరి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట నాతో మాట్లాడలేదు, నేనేదో చేసినట్టు.

కాయిల్ గురించి ముందే అడగాల్సిన ప్రశ్న ఒకటి అడగలేదు. లిక్విడ్ ఎలా ఉంది? కాయిల్ మాడిపోయి సీసాలో లిక్విడ్ అలాగే మిగిలి ఉంటే తప్పు కాయిల్‌ది. లిక్విడ్ కూడా అంత తొందరగానూ అయిపోతుంటే కాయిల్ తప్పేం లేదు. అంత వాడకం ఉంది, అంతే. నువ్వు నాకు చెప్పేదానికంటే ఎక్కువ కాలుస్తున్నావేమో. నా దగ్గర దాచకు. నీకు నేను నీతులు చెప్పను.

కోటి


భవానీపురం
ఆగస్టు 24

కోటీ,

లిక్విడ్ కూడా అయిపోతోంది. నువ్వు పంపిన సీసాలు నా లెక్కన దసరా దాకా రావాలి. శ్రావణం పూర్తయ్యేసరికి ఒకటి ఖాళీ, రెండోది అడుగున ఉంది.

నేను నీకు అబద్ధం చెప్పలేదు. నేను కాల్చేది అంతే.

నా డ్యూటీ చార్టు పక్కన పెట్టుకుని చూశాను. పగటి డ్యూటీ వారాల్లో కాయిల్ నిలబడుతోంది. ఆ పది రోజులు వచ్చిన కాయిల్, నా పగటి డ్యూటీలో పడింది. సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, ఉన్న వారాల్లోనే మాడుతోంది. ప్లాంటులో అయితే ఇది చిన్న లెక్క. ఏ వేళ లోడు పెరుగుతోందో చూస్తే ఎవరు లాగుతున్నారో తెలిసిపోతుంది.

రాత్రి డ్యూటీకి వెళ్ళినప్పుడు నేను ఇంట్లో ఉండను. మిషన్ ఇంట్లో ఉంటుంది. పగలు తను బడిలో ఉంటుంది.

ఇంట్లో ఉండేది ఇద్దరం.

ఈ ముక్క రాసి చాలాసేపయింది. కింద నాని హారన్ కొడుతున్నాడు.

కిరీటి


నాగాయలంక
సెప్టెంబర్ 1

కిరీటీ,

నీ ఉత్తరం మల్లేశ్వరికి చూపించలేదు.

నేను నీకు చెప్పని సంగతి ఒకటుంది. మార్చిలో చెల్లెమ్మ నాకు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఆయన కాల్చేదాంట్లో ఏముంటుంది? దాంతో నిద్ర పడుతుందా?" అని అడిగింది. నీ గురించి బెంగపడి అడుగుతోందనుకున్నాను. "నిద్ర పట్టదమ్మా. కాసేపు ఏమీ అనిపించకుండా ఉంటుంది, అంతే" అన్నాను. "అది చాలు" అంది. తరవాత మల్లేశ్వరిని అడిగానని చెప్పమని పెట్టేసింది. ఆ "అది చాలు" నా చెవిన పడిందిరా, బుర్రకి ఎక్కలేదు. నీ ఉత్తరం చదివాక ఎక్కింది.

కాయిల్ ఎందుకు అంత తొందరగా పోతోందో కూడా ఇప్పుడు తెలుస్తోంది. ఆ అమ్మాయికి ఎవరూ నేర్పలేదు. ట్యాంకులో లిక్విడ్ అడుగంటినా లాగుతుంది. మనకైతే మాడు వాసన తగలగానే ఆపేస్తాం. అది మాడు వాసనని, అలా రాకూడదని కూడా తనకి తెలీదేమో. దాని రుచే అంత అనుకుని కాలుస్తోందేమో.

అరవకు. దాచిపెట్టెయ్యకు. తాళం వెయ్యకు. మెల్లగా అడుగు. మాట్లాడు.

కాయిళ్ళు ఇంకో పెట్టె పంపుతున్నాను. పంపొచ్చో లేదో నాకు తెలీలేదు. పంపకపోతే తను మాడినదాన్నే లాగుతుందని పంపుతున్నాను.

కోటి


భవానీపురం
సెప్టెంబర్ 28

కోటీ,

అడగలేదు.

రెండుసార్లు అడుగుదామనుకున్నాను. ఒకసారి కుక్కర్ విజిల్ వచ్చింది. ఒకసారి తనే "ఏంటి" అంది, "ఏం లేదు" అన్నాను.

రాత్రి డ్యూటీకి వెళ్ళేముందు ట్యాంకు నిండా పోసి పెడుతున్నాను. కొత్త కాయిల్ వేసి, దూది తడిశాక డబ్బాలో పెట్టి వెళ్తున్నాను. పొద్దున వచ్చేసరికి ఖాళీ అవుతోంది. డబ్బా మాత్రం నేను పెట్టినట్టే ఉంటుంది, మూత కూడా అటే తిరిగి ఉంటుంది. మాడు వాసన తగ్గింది. నేను చేయగలిగింది ఇది.

నువ్వు మాట్లాడమంటావు. ఈ ఒక్క మాట ఎత్తితే ఇంకో మాట వస్తుంది. అది నీకు కూడా చెప్పలేదు.

ఆ రోజు ఆపరేషన్ అయ్యాక తను మత్తులో ఉంది. సిస్టర్ టవల్లో చుట్టి తెచ్చి నా చేతికిచ్చింది. "తెలివొచ్చాక అమ్మకి చూపిస్తారా?" అని అడిగింది. మా అత్తగారు వద్దన్నారు. చూస్తే మనాది పడుతుందమ్మా, చూడకపోతే తొందరగా మర్చిపోతుంది అన్నారు. అందరూ అదే అన్నారు. నేను తలూపాను. ఆసుపత్రిలో పనిచేసే ఒకాయన నాతో వచ్చాడు. ఇద్దరం ఆటోలో వెళ్ళి, నది వైపు శ్మశానంలో పెట్టి వచ్చాం. మధ్యాహ్నానికి తనకి తెలివొచ్చింది. మంచం పక్కన ఎవరి మొహమూ చూడలేదు, కిటికీ వైపు తిరిగి పడుకుంది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆడపిల్లా మగపిల్లాడా అని కూడా నన్ను అడగలేదు. కాగితాల మీద చూసుకునే ఉంటుంది.

తను చూడలేదు. నేను చూశాను. ఆ చూసింది నా దగ్గర ఉండిపోయింది. దాంతో ఏం చెయ్యాలో తెలీడం లేదు.

కిరీటి


నాగాయలంక
అక్టోబర్ 6

ఒరేయ్ కిరీటీ,

ట్యాంకు నింపి పెడతావా. తడిపి, బిగించి, డబ్బాలో పెట్టి వెళ్తావా. ఇద్దరూ ఒకే డబ్బా మూత తీస్తారు, ఒకరికొకరు తెలీనట్టు మళ్ళీ అలాగే పెడతారు. ఏం కాపరంరా అది?

ఇన్ని నెలలు నాకు కాయిల్ గురించి పేజీలు రాశావు. ఆ పిల్లకి రెండు ముక్కలు చెప్పలేకపోయావు. నువ్వు చూసింది నీ ఒక్కడిదే కాదు. అందులో సగం తనది. సగమేంటి, ఎక్కువ తనదే.

ఇక నుంచి కాయిళ్ళు పంపను. మిషన్ గురించి నాకు రాయకు.

కోటి

కోపంగా రాశాను. చింపి మళ్ళీ రాద్దామనుకున్నాను, నాని వెళ్ళిపోతున్నాడు.


భవానీపురం
నవంబర్ 9

కోటీ,

మిషన్ గురించి రాయొద్దన్నావు. ఈ ఒక్కసారికి రాస్తున్నాను. ఇద్దరం ఇంకా మానలేదు. దాచడం మానేశాం.

పోయిన ఆదివారం భోజనాలయ్యాక సింధూరి డైనింగ్ టేబుల్ మీద పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. నేను ఫ్రిజ్ మీది డబ్బా దించి తన ఎదురుగా పెట్టి కూర్చున్నాను. పెన్ను ఆగింది. తల ఎత్తలేదు.

"కొత్త కాయిల్ వేస్తున్నాను, చూడు" అన్నాను.

పెన్నుకి క్యాప్ పెట్టి చూసింది. పాతది తీశాను, కొత్తది బిగించాను, లిక్విడ్ పోశాను. ఆ కాసేపు నాకు తేలిగ్గానే ఉంది. పని కదా.

"పోశాక వెంటనే లాగకూడదు. దూది తడవాలి. లేకపోతే మాడిపోతుంది. ట్యాంకు సగానికి వచ్చాక మళ్ళీ పొయ్యాలి" అన్నాను.

"ఎంతసేపు ఆగాలి?"

"పది నిమిషాలు."

"నాకు తెలీదు" అంది.

"నాకూ తెలీదు. కోటి చెప్పాడు."

పక్కింట్లో మిక్సీ వేశారు. అది ఆగాక తనే అడిగింది.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"ఆగస్టు నుంచి."

"అడగలేదేం?"

"నువ్వూ నన్ను అడగలేదుగా" అన్నాను. అది నేను అందామనుకుని అన్నది కాదు. వచ్చేసింది. దేని గురించో తనకి అర్థమైంది. పేపర్ల కట్ట సర్దింది. అంచులు సమంగా వచ్చాక కూడా ఇంకా సర్దుతూనే ఉంది.

"మీరు చూశారుగా" అంది. "ఎవరి పోలిక?"

చెప్పాను కోటీ. జుట్టు ఒత్తుగా ఉంది, నుదుటికి అంటుకుని ఉంది అన్నాను. గడ్డం నీదే అన్నాను. తను ఒక్కొక్కటే అడిగింది. గోళ్ళు ఉన్నాయా? ఉన్నాయి, చిన్నవి. కళ్ళు? మూసే ఉన్నాయి. చెవులు? చెవులు నాకు గుర్తులేవు. గుర్తులేనివి గుర్తులేవనే చెప్పాను. ఒక్కటి కూడా కల్పించలేదు. పెదవులు నల్లగా ఉన్నాయన్నాను, అది చెప్పకుండా ఉండాల్సిందేమో అనుకున్నాను. తను తలూపి తరవాతది అడిగింది.

"వెచ్చగా ఉందా?"

"ఉంది. నేను ఎత్తుకున్నప్పుడు ఉంది."

అప్పుడు టేబుల్ మీద తల పెట్టుకుంది. ఏడవలేదు. నేను చెయ్యి తన వీపు మీద వేశాను. తీసెయ్యమని అనలేదు.

లేచాక మొహం కడుక్కొచ్చి, "ఎక్కడ పెట్టారు?" అని అడిగింది.

మర్నాడు బడికి సెలవు పెట్టింది. నాది బి షిఫ్టు, మధ్యాహ్నం దాకా ఖాళీ. స్కూటర్ మీద వెళ్ళాం. పూలు కొనమంటావా అంటే వద్దంది.

నాకు చోటు బాగా గుర్తనుకున్నాను. కూలిన ప్రహరీ పక్కన ఒక తుమ్మ చెట్టు, దానికి నాలుగడుగుల అవతల. ఆ రోజు ఆ ఆసుపత్రి ఆయన, ఏదన్నా రాయి పెట్టండి సార్ అన్నాడు. నేను పెట్టలేదు. ఇప్పుడు చూస్తే చెట్టు లేదు. వానాకాలం బ్యారేజీ గేట్లెత్తినన్నాళ్ళూ అక్కడిదాకా నీళ్ళు నిలిచాయట. అంతా ఇసక మేట వేసి చదునుగా ఉంది. అటు నడిచాను, ఇటు నడిచాను. సింధూరి హ్యాండ్‌బ్యాగ్ రెండు చేతులా పట్టుకుని నా వెనకే నడిచింది. ఇక్కడే అనుకుంటా, కాదు అక్కడేమో అని రెండుమూడు చోట్ల ఆగాను. చివరికి ఆగిపోయి, "దొరకడం లేదు సింధూరీ" అన్నాను.

పార భుజాన వేసుకుని ఒక ముసలాయన వచ్చాడు. అక్కడ గుంటలు తీసే మనిషి.

"ఎవరి కోసమండీ?" అన్నాడు.

ఊరికే వచ్చామని నా నోట్లో ఉంది. సింధూరి ముందుకొచ్చింది.

"మా అమ్మాయండీ" అంది. "ఫిబ్రవరిలో."

"ఎంత పిల్లమ్మా?"

తను రెండు అరచేతులూ ఎడంగా పెట్టి చూపించింది. సరిగ్గా అంతే ఉంది కోటీ. తను చూడలేదు, నేనూ కొలత చెప్పలేదు. అంతే ఉంది.

ఆయన పార దించి, ఆ గోడ మొదలు నీళ్ళ అంచు దాకా చెయ్యి చాపి చూపించాడు. "చంటిపిల్లల్ని అందర్నీ ఇటే పెడతామమ్మా. వరదకి ఆనవాళ్ళు పోయాయి గానీ, ఇక్కడే ఉంది మీ పాప. ఎక్కడికీ పోలేదు" అన్నాడు. తన పని చూసుకోవడానికి వెళ్ళిపోయాడు.

సింధూరి ఇసకలో కూర్చుంది. నేనూ కూర్చున్నాను. మా అమ్మాయి అనే మాట మా ఇద్దరిలో ఎవరం అంతవరకూ ఎవరితోనూ అనలేదు. తను ఇంకోసారి అంది, మెల్లగా, నన్ను చూడకుండా. ఈసారి నేను కూడా అన్నాను.

నీ
కిరీటి